ఒకే పేరు, వేర్వేరు ప్రముఖులు: ఎవరు ఎవరో తేల్చుకోవడం ఎలా?

అమెరికన్ సంగీతకర్త జాన్ ఆడమ్స్ గురించి ఒకసారి చిన్న పరిచయం రాశాను. 1947లో పుట్టాడు, 'నిక్సన్ ఇన్ చైనా' అనే ఒపేరాతో పేరు తెచ్చుకున్నాడు, 2003లో సంగీతానికి పులిట్జర్ బహుమతి అందుకున్నాడు, అలాస్కాలో ఏళ్ల తరబడి ఉండి అక్కడి ప్రకృతిని సంగీతంలోకి తెచ్చాడు. నాలుగు వాక్యాలూ నిజాలే. కాకపోతే నాలుగోది ఇంకో మనిషిది. అలాస్కాలో ఉన్నాయన జాన్ లూథర్ ఆడమ్స్, 1953లో పుట్టినవాడు. ఆయనా అమెరికనే, ఆయనా సంగీతకర్తే, పైగా 2014లో 'బికమ్ ఓషన్' అనే రచనకి ఆయనకీ అదే పులిట్జర్ వచ్చింది. నేను చదివిన చోట మధ్యలో ఉన్న 'లూథర్' నా కంటికి ఆనలేదు, అంతే. చదివినవాళ్లెవరూ పట్టుకోలేదు. కొన్ని నెలల తర్వాత వేరే పని మీద వెతుకుతుంటే నాకే దొరికింది.

ఈ రకం తప్పుతో వచ్చే చిక్కే అది. ఒక్కో ముక్కని విడిగా సరిచూస్తే అన్నీ పాసైపోతాయి. తప్పంతా అతుకు దగ్గర ఉంటుంది. అంటే ఈ సంగతినీ ఆ సంగతినీ 'ఇద్దరూ ఒకరే' అనుకుని కలిపిన చోట. కాబట్టి ఇక్కడ చెప్పబోయే అడుగులన్నీ అతుకుల్ని పరీక్షించడానికే. వ్యాసాలు రాసేవాళ్లకి, క్విజ్ ప్రశ్నలు తయారుచేసేవాళ్లకి, వికీపీడియాలో పనిచేసేవాళ్లకి, చివరికి ఒక జయంతి పోస్ట్ పెట్టేవాళ్లకి కూడా పనికొస్తాయి.

1. పేరు ఏ వాక్యంలో దొరికిందో ముందు రాసుకోండి

చాలామంది పేరు కనబడగానే దాన్ని సెర్చ్‌లో కొట్టేస్తారు. సెర్చ్ మీకు ముందు చూపించేది ఆ పేరున్న వాళ్లలో ఎక్కువమంది వెతికే మనిషిని. మీక్కావలసింది ఆయనే కావాలని ఏమీ లేదు.

ఉదాహరణకి 'టామ్ హాలండ్' తీసుకోండి. 1996లో పుట్టిన నటుడు, స్పైడర్‌మ్యాన్ వేషం వేసినాయన. 1968లో పుట్టిన బ్రిటిష్ చరిత్రకారుడు, రోమ్ గణతంత్రం కూలిన కథని 'రూబికాన్' పేరుతో రాసినాయన. 1943లో పుట్టిన అమెరికన్ దర్శకుడు, 1985లో 'ఫ్రైట్ నైట్', 1988లో 'చైల్డ్స్ ప్లే' తీసినాయన. 'టామ్ హాలండ్ ఈసారి భయపెట్టాడు' అన్న వాక్యం 1985 నాటి పత్రికలో కనిపిస్తే నటుడు అప్పటికి పుట్టనే లేదు. ఒట్టి పేరు మాత్రమే పట్టుకెళ్తే ఈ తెలివి పనిచేయదు. పేరున్న వాక్యం, అది అచ్చయిన సంవత్సరం, చుట్టూ ఉన్న ఇతర పేర్లు, ఈ మూడూ రాసుకుని మొదలుపెట్టండి. సగం పని అక్కడే అయిపోతుంది.

2. ఆ పేరున్న వాళ్లందరినీ ఒక కాగితం మీదకి తీసుకురండి

వికీపీడియాలో 'అయోమయ నివృత్తి' అనే పేజీలు ఉంటాయి. ఒకే పేరున్న మనుషులు, ఊళ్లు, సినిమాలు అన్నీ అక్కడ వరసగా ఉంటాయి. ముందు అక్కడికి వెళ్లండి, కానీ అక్కడే ఆగిపోకండి. ఆ జాబితాలో ఉండేది పేజీ ఉన్నవాళ్లే ఎక్కువగా. లైబ్రరీ కేటలాగులు చూడండి, ఆ రంగానికి సంబంధించిన ఎన్‌సైక్లోపీడియాలు చూడండి.

దొరికిన ప్రతి ఒక్కరికీ ఒక వరస కేటాయించండి. పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం, పూర్తి పేరు, పని, ఇంకెవరికీ అంటని ఒక్క గుర్తు. ఈ చివరి గడి ముఖ్యం. 'రాజేంద్రప్రసాద్' అనే పేరు మీద మనకి వెంటనే ముగ్గురు వస్తారు: 1884లో పుట్టిన తొలి రాష్ట్రపతి, 1932లో పుట్టిన నిర్మాత, దర్శకుడు వి.బి. రాజేంద్రప్రసాద్, 1956లో పుట్టిన హాస్య కథానాయకుడు. మొదటాయనతో పేచీ లేదు. మిగతా ఇద్దరూ తెలుగు సినిమావాళ్లే కనుక 'సినిమా' అన్న గుర్తు ఎందుకూ పనికిరాదు. 'దసరా బుల్లోడు' దర్శకుడు అంటే మటుకు ఒక్కరే మిగులుతారు.

ఇద్దరు దొరకగానే 'ఓహో, ఇద్దరన్నమాట' అని ఆగిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. మూడోవాడి కోసం ఇంకాసేపు వెతకండి. ఆయన ఎందుకు ముఖ్యమో చర్చిల్ దగ్గర చెబుతాను.

3. పేరుని విప్పి చూడండి

అసలు పని ఇక్కడుంది. కాస్త ఓపిగ్గా చదవండి.

మధ్యలో ఉన్న అక్షరాన్ని ఎప్పుడూ వదలొద్దు. మైకేల్ జోర్డాన్ అంటే 1963లో పుట్టిన బాస్కెట్‌బాల్ ఆటగాడు. మైకేల్ బి. జోర్డాన్ 1987లో పుట్టిన నటుడు. మైకేల్ ఐ. జోర్డాన్ 1956లో పుట్టినవాడు, బర్కిలీలో ప్రొఫెసర్‌గా పనిచేసినాయన, మెషీన్ లెర్నింగ్‌లో పెద్ద పేరు. మధ్యలో ఒక్క అక్షరం ఎగిరిపోతే బాస్కెట్‌బాల్ ఆటగాడు గణాంకశాస్త్రం పాఠం చెప్పేస్తాడు. జార్జ్ బుష్‌లు తండ్రీకొడుకులు: తండ్రి హెచ్. డబ్ల్యూ. (అధ్యక్షుడిగా 1989 నుంచి 1993), కొడుకు ఒట్టి డబ్ల్యూ. (2001 నుంచి 2009). ఇద్దరి హయాంలోనూ ఇరాక్‌తో యుద్ధం జరిగింది, 1991లో ఒకటి, 2003లో ఒకటి. 'బుష్ ఇరాక్ యుద్ధం' అని రాసి వదిలేస్తే చదివేవాళ్లు తల పట్టుకోవాల్సిందే.

తర్వాత చూడాల్సింది ఏది ఇంటిపేరు, ఏది పెట్టిన పేరు అని. ఇది మనవాళ్లకి బాగా అర్థమవుతుంది. విశ్వనాథ సత్యనారాయణ (1895–1976) పేరులో 'విశ్వనాథ' ఇంటిపేరు. దర్శకుడు కాశీనాథుని విశ్వనాథ్ (1930–2023) విషయంలో అదే మాట పెట్టిన పేరు. కైకాల సత్యనారాయణ (1935–2022) ఇంకో పక్కనుంచి కలుస్తాడు. 'విశ్వనాథ్ గారి సినిమా', 'విశ్వనాథ వారి నవల' అన్నప్పుడు మనం తడబడం, ఎందుకంటే మనకి తెలుసు. తెలియని భాషవాడికి ఆ 'గారి', 'వారి' తేడా కనిపించదు. పరాయి భాషల పేర్ల దగ్గర మన పరిస్థితీ అంతే. గాబ్రియేల్ గార్సియా మార్కెస్‌ని అక్షర క్రమంలో 'మార్కెస్' కింద వెతికితే దొరకడు. స్పానిష్ పద్ధతిలో ముందు తండ్రి ఇంటిపేరు, తర్వాత తల్లి ఇంటిపేరు వస్తాయి కనుక ఆయన ఉండేది 'గార్సియా' దగ్గర. ఐస్‌లాండ్‌లో చాలామందికి అసలు ఇంటిపేరే ఉండదు. గాయని బ్యోర్క్ పేరు వెనకున్న 'గుద్మండ్స్‌దోత్తిర్' అంటే గుద్మండుర్ కూతురు అని అర్థం, అంతే. అక్కడ ఇద్దరికి చివరి మాట కలిసినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు.

పెద్ద, చిన్న అనే తోకలు మూడో సంగతి. రోమన్ రచయితలు ప్లినీలు ఇద్దరు. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయింది పెద్ద ప్లినీ. ఆ పేలుడు ఎలా జరిగిందో చరిత్రకారుడు టాసిటస్‌కి ఉత్తరాలు రాసింది చిన్న ప్లినీ. 'ప్లినీ వెసూవియస్‌ని వర్ణించాడు', 'ప్లినీ వెసూవియస్ దగ్గర చనిపోయాడు' రెండూ నిజం, కలిపితే చచ్చినవాడు ఉత్తరం రాసినట్టవుతుంది. ఇంగ్లిష్ పుస్తకాలు వీళ్లని 'అంకుల్' అని తేల్చేస్తాయి. మన భాషలో ఆ ఇబ్బంది లేదు, వాళ్లిద్దరూ మేనమామ, మేనల్లుడు. వీలున్న చోటల్లా వరసని కచ్చితంగా చెప్పండి. ఆ ఒక్క మాటే అతుకుని కాపాడుతుంది.

తండ్రీకొడుకులు ఒకే రంగంలో ఉంటే మరీ కష్టం. ఫ్రెంచ్ రచయితలు అలెగ్జాండర్ డ్యూమాల్లో 'త్రీ మస్కెటీర్స్' (1844) తండ్రిది. వెర్డీ 'లా ట్రావియాటా' ఒపేరాకి ఆధారమైన నవల కొడుకుది. సంగీతకర్తలు యోహాన్ స్ట్రాస్‌లలో 'రాడెట్స్‌కీ మార్చ్' (1848) తండ్రిది, 'బ్లూ డాన్యూబ్' (1867) కొడుకుది. ఇంకో సంగీతకర్త రిచర్డ్ స్ట్రాస్‌కి ఈ ఇంటితో ఏ సంబంధమూ లేదు.

బిరుదులు, అంటించిన పేర్లు కూడా పనికొస్తాయి. మన పాతవాళ్లు ఈ సమస్యని చక్కగా పరిష్కరించారు. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో తిక్కనలు ఇద్దరు, దాయాదులు. గంటం పట్టినాయన కవి తిక్కన, కత్తి పట్టినాయన ఖడ్గ తిక్కన. ఒక్క మాట చేర్చారు, ఏడు వందల ఏళ్లకి పైగా గొడవ లేదు. 1950 నాటి 'షావుకారు' సినిమాతో ఆ పేరే ముందు చేరిన నటి షావుకారు జానకి, గాయని ఎస్. జానకి కూడా అలాగే విడివిడిగా నిలిచారు. పాత పాటల జాబితాల్లో ఉట్టి 'జానకి' అని ఉంటే మాత్రం అది నటి కాలమా గాయని కాలమా అని ఊరికే ఊహించొద్దు. గాయకుల గడిలో ఉందా, నటీనటుల గడిలో ఉందా చూడండి.

చివరగా లిపి. తెలుగులో రాసేవాళ్లకి మాత్రమే ఉండే ప్రమాదం ఇది. ఇంగ్లిష్‌లో రెండు మూడు రకాల స్పెల్లింగులున్న స్టీవెన్, కేథరిన్ లాంటి పేర్లు తెలుగులోకి రాగానే ఒకటైపోతాయి. అక్కడ విడిగా ఉన్న ఇద్దరు ఇక్కడ కలిసిపోతారు. దీనికి తిరగేసి కూడా జరుగుతుంది: చైకోవ్‌స్కీ, చైకోవ్‌స్కి, చాయ్‌కోవ్‌స్కీ అని మూడు చోట్ల మూడు రకాలుగా కనిపిస్తే ముగ్గురనుకునే వీలుంది. అందుకే కాగితం మీద ప్రతి వరసలోనూ మూల లిపిలోని పేరు కూడా ఉండాలి. చైనా పేర్ల దగ్గర ఇది తప్పనిసరి. అక్కడ రెండు వేర్వేరు అక్షరాలతో రాసే ఇంటిపేర్లు రోమన్ లిపిలోకి వచ్చేసరికి రెండూ 'జాంగ్' అయిపోతాయి. దక్షిణ కొరియాలో జనాభాలో ఐదో వంతుకి పైగా ఇంటిపేరు కిమ్. అక్కడ ఇంటిపేరుని పట్టుకుని ఏదైనా తేల్చడం అంటే గడ్డివాములో సూది వెతకడమే.

ఒంటి పేర్ల సంగతి ఒక్క ముక్కలో: ఫుట్‌బాల్ రొనాల్డోలు. బ్రెజిల్ రొనాల్డో 1976లో పుట్టాడు, పోర్చుగల్ క్రిస్టియానో రొనాల్డో 1985లో. రొనాల్డినో ఇంకో బ్రెజిల్ ఆటగాడు, ఆ మాటకి 'చిన్న రొనాల్డో' అని అర్థం. తమాషా ఏమిటంటే, 1994 ప్రపంచకప్ జట్టులో రొనాల్డావో అనే ఇంకో పెద్ద రొనాల్డో ఉండటంతో అప్పట్లో బ్రెజిల్ రొనాల్డోనే 'రొనాల్డినో' అన్నారు. అంటే ముద్దుపేరు కూడా ఒకరి దగ్గరే ఉండిపోదు. ఏ సంవత్సరంలో ఎవర్ని అలా పిలిచారో చూడాలి.

4. తేదీలతో నిలదీయండి

పేరు మోసం చేస్తుంది, వృత్తి కూడా చేస్తుంది (తర్వాతి అడుగు చూడండి), తేదీ మాత్రం అంత తేలిగ్గా లొంగదు. దొరికిన ప్రతి సంగతికీ ఒక సంవత్సరం తగిలించండి. ఆ సంవత్సరంలో మీ మనిషి బతికున్నాడా? ఉంటే వయసెంత? ఐదేళ్ల వయసులో నవల అచ్చయిందంటే మనిషి మారాడని అర్థం.

దీనికి మంచి పరీక్ష భాస్కరులు. ఒకాయన 629లో ఆర్యభటీయానికి వ్యాఖ్యానం రాశాడు. ఇంకొకాయన 1114లో పుట్టి, 36 ఏళ్ల వయసులో 1150లో 'సిద్ధాంత శిరోమణి' రాశాడు. 'లీలావతి' అందులో భాగం. మధ్య ఐదు వందల ఏళ్లు. అయినా 'భాస్కరుడు ఆర్యభటుడికి వ్యాఖ్య రాసి, ఆపైన లీలావతి రాశాడు' అన్నట్టు కలిపేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మొదటి భాస్కరుడు, రెండవ భాస్కరుడు అన్న అంకెలు తర్వాతి చరిత్రకారులు పెట్టినవి, పాత గ్రంథాల్లో వెతికితే దొరకవు. పైగా భాస్కర-1 (1979), భాస్కర-2 (1981) అని మన ఉపగ్రహాలు రెండున్నాయి. వాటి పక్కన ఉన్న అంకెలు ప్రయోగాల వరస. సెర్చ్‌లో ఇవన్నీ ఒకేచోట వచ్చి పడతాయి, జాగ్రత్త.

పుట్టిన తేదీ తెలియకపోతే, పనిచేసిన కాలం అయినా రాసుకోండి. 'ఫలానా సంవత్సరంలో ఈ పుస్తకం వచ్చింది' అన్నదొక్కటి చాలు మేకు కొట్టడానికి.

5. ఒకే రంగంలో ఉంటే? చర్చిల్‌లని చూడండి

'నటుడు వేరు, చరిత్రకారుడు వేరు' అని వృత్తితో విడదీయడం సులువుగా ఉంటుంది. అది ఎప్పుడు చెడిపోతుందో చూపించడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి జంట లేదు.

బ్రిటిష్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ 1874 నవంబర్ 30న పుట్టాడు. అమెరికన్ నవలాకారుడు విన్‌స్టన్ చర్చిల్ 1871 నవంబర్ 10న పుట్టాడు. చుట్టరికం లేదు. ఒకరు సైనిక పాఠశాలలో చదివారు, ఇంకొకరు నౌకాదళ అకాడమీలో. ఇద్దరూ పుస్తకాలు రాశారు. ఇద్దరూ రాజకీయాల్లోకి వెళ్లారు: అమెరికన్ చర్చిల్ న్యూ హాంప్‌షైర్ శాసనసభకి రెండుసార్లు ఎన్నికై, 1906లో గవర్నర్ పదవి కోసం ప్రయత్నించాడు, దక్కలేదు. ఇద్దరూ బొమ్మలు గీశారు. అమెరికన్ చర్చిల్ నవల ఒకటి 'ది క్రైసిస్' (1901). బ్రిటిష్ చర్చిల్ మొదటి ప్రపంచయుద్ధం గురించి రాసింది 'ది వరల్డ్ క్రైసిస్'. రచయిత, నాయకుడు, సైనిక విద్య, చిత్రకళ, నవంబర్. మీ జాబితాలో గుర్తులన్నీ ఇద్దరికీ సరిపోతాయి!

1899లో అమెరికన్ చర్చిల్ నవల 'రిచర్డ్ కార్వెల్' విపరీతంగా అమ్ముడుపోయింది. అప్పటికి ఆయనే పేరున్నవాడు, బ్రిటిష్ కుర్రాడిని ఎరిగినవాళ్లు తక్కువ. బ్రిటిష్ చర్చిల్ నవల 'సావ్రోలా' ఆ ఏడాదే పత్రికలో సీరియల్‌గా వస్తోంది. ఇద్దరి పుస్తకాలూ కలగలిసిపోతాయని ఆయనే ఉత్తరం రాసి, ఇకనుంచి నా రచనల మీద 'విన్‌స్టన్ స్పెన్సర్ చర్చిల్' అని సంతకం పెడతానన్నాడు. నాకు మధ్య పేరు లేదు, ఉంటే నేనూ వాడుకునేవాణ్ణే అని అమెరికన్ చర్చిల్ జవాబిచ్చాడు. ఆ ఒప్పందం గుర్తుగానే తర్వాతి పుస్తకాల మీద 'విన్‌స్టన్ ఎస్. చర్చిల్' అని కనిపిస్తుంది.

కాబట్టి అట్ట మీద 'ఎస్' ఉంటే ప్రధాని అనేసుకోవచ్చా? ఇక్కడే ఇందాక చెప్పిన మూడోవాడు వస్తాడు. ప్రధాని మనవడి పేరు కూడా విన్‌స్టన్ స్పెన్సర్ చర్చిల్ (1940–2010). ఆయనా పార్లమెంటు సభ్యుడే, ఆయనా పుస్తకాలు రాశాడు. 1967 యుద్ధం గురించిన చర్చిల్ పుస్తకం చేతికి వస్తే, ప్రధాని 1965లోనే పోయాడన్న సంగతి మళ్లీ నాలుగో అడుగులోంచే గుర్తుకు రావాలి.

నా లెక్క ఇది: అతుకు వేయడానికి ఒక్క గుర్తు చాలదు, రెండు కావాలి, అందులో ఒకటి తేదీ అయ్యుండాలి.

6. నంబర్లు వాడుకోండి

పేర్లు కలుస్తాయి, నంబర్లు కలవవు. లైబ్రరీలవాళ్లకి ఈ తలనొప్పి మనకంటే ముందే మొదలైంది. అందుకే కేటలాగుల్లో పేరు తర్వాత కామా పెట్టి పుట్టిన, పోయిన సంవత్సరాలు చేరుస్తారు. దేశదేశాల జాతీయ గ్రంథాలయాల పేర్ల జాబితాల్ని ఒకచోట కలిపి చూపేది వీఐఏఎఫ్.

వికీపీడియాకి తోడుగా 2012లో మొదలైన సమాచార నిధి వికీడేటాలో ప్రతి మనిషికీ 'క్యూ'తో మొదలయ్యే ఒక సంఖ్య ఉంటుంది. క్యూ42 అంటే రచయిత డగ్లస్ ఆడమ్స్ (ఇంకో ఆడమ్స్, క్షమించండి). ఏ భాష పేజీలోంచి వెళ్లినా అదే సంఖ్యకి చేరతారు. కాబట్టి తెలుగు స్పెల్లింగ్ ఎలా ఉన్నా ఆ సంఖ్య కలిస్తే మనిషి ఒకరే. అక్కడా పొరపాట్లు పడతాయి, ఎవరో ఒకరు ఇద్దర్ని కలిపేసి ఉండొచ్చు. తేదీలు చూసి నమ్మండి.

పరిశోధకులకైతే ఓర్కిడ్ అనే నంబరు ఉంది. ఇదీ 2012లోనే వచ్చింది. నాలుగేసి చొప్పున నాలుగు గుంపుల్లో 16 స్థానాలు, చివరి స్థానంలో అప్పుడప్పుడు అంకె బదులు 'ఎక్స్' ఉంటుంది. ఇనీషియల్, ఇంటిపేరు మాత్రమే ఉన్న పేపర్ల జాబితాలో ఇద్దరు ముగ్గురు పరిశోధకులు కలిసిపోవడం రోజూ జరిగేదే. ఓర్కిడ్ లేని పాత పేపర్లయితే పనిచేసిన సంస్థ, తోటి రచయితల పేర్లు, విషయం, ఈ మూడూ కలిపి చూడాలి.

7. ఫోటోని అందరికంటే చివర నమ్మండి

పేరుతో వెతికి దొరికిన బొమ్మ ఆ మనిషిదే అని ఎవరూ హామీ ఇవ్వలేదు. సెర్చ్ పక్కన వచ్చే పెట్టెల్లో ఒకరి జీవితం పక్కన ఇంకొకరి ముఖం కనిపించడం కొత్తేమీ కాదు. ఎలిజబెత్ టేలర్ అనే ఇంగ్లిష్ నవలాకారిణి (1912–1975) ఉంది. ఆమె ఫోటో వెతికితే వచ్చేవన్నీ హాలీవుడ్ నటి (1932–2011) బొమ్మలే. స్టీవ్ మెక్వీన్ అంటే 1980లో పోయిన నటుడు, '12 ఇయర్స్ ఎ స్లేవ్' తీసిన దర్శకుడు. వీళ్ల ఫోటోలు తారుమారైతే ఇట్టే తెలుస్తుంది, ఒకరు తెల్లవారు, ఒకరు నల్లవారు. మనల్ని ముంచేది అలా తేలిపోని జంటలే. బొమ్మ ఏ పేజీలోంచి వచ్చిందో ఆ పేజీకి వెళ్లి, కింద రాసిన వివరం, తీసిన సంవత్సరం చదవండి. చదవడానికి ఏమీ లేకపోతే ఆ ఫోటో వాడకండి.

8. తేలనివి తేలనట్టే రాయండి

కొన్ని చోట్ల పండితులకే తేలలేదు. 'మహాభాష్యం' రాసిన పతంజలి, యోగసూత్రాల పతంజలి ఒకరా, ఇద్దరా అన్నది ఇప్పటికీ వాదంలోనే ఉంది. అలాంటప్పుడు 'సంప్రదాయం ఒకరే అంటుంది, చాలామంది పరిశోధకులు ఇద్దరంటారు' అని రాసేయడమే మంచిది. మనం కూర్చుని తీర్పు ఇవ్వనక్కర్లేదు.

తప్పు అతుకు ఎంతకాలం నిలుస్తుందో చూడాలంటే డయోనిసియస్ కథ చాలు. ఏథెన్స్‌లో సెయింట్ పాల్ మాటలు విని క్రైస్తవం తీసుకున్నవాడు ఒకడు, మొదటి శతాబ్దం. ఆ పేరు పెట్టుకుని 5, 6 శతాబ్దాల నాటికి వేదాంత గ్రంథాలు రాసినవాడు ఒకడు. పారిస్ బిషప్ సెయింట్ డెనిస్ ఇంకొకడు. 9వ శతాబ్దంలో హిల్డ్విన్ అనే మఠాధిపతి ముగ్గుర్నీ ఒక్క మనిషిగా కుట్టేశాడు. 15వ శతాబ్దంలో ఇటలీ పండితుడు లొరెంజో వల్లా ఆ కుట్టుని గట్టిగా లాగి చూసేదాకా అది అలాగే చెల్లుబాటైంది.

9. రాసేటప్పుడు చదివేవాళ్లకి దారి చూపండి

మీకు తెలిసిపోయింది కదా అని ఊరుకోకండి. మొదటిసారి పేరు వచ్చిన చోటే సంవత్సరం, ఒక గుర్తు చేర్చండి: 'చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ (1909–1992)'. తత్వవేత్త బేకన్ (1561–1626) గురించి అనుకుని వచ్చినవాడు అక్కడే వెనక్కి వెళ్లిపోతాడు. ఇద్దరూ ఒకే వ్యాసంలో ఉంటే ప్రతిసారీ గుర్తుతోనే పిలవండి, చదువు కుంటుపడినా ఫరవాలేదు. 'అతను', 'ఆయన' అనే మాటలు ఇద్దరున్న పేరాలో ప్రమాదం. అందులో ఒకరిని 'ఆయన', ఇంకొకరిని 'అతను' అని పంచేస్తే సరిపోతుందనుకుంటారు కొందరు. రెండు పేరాల తర్వాత రాసినవాడికే గుర్తుండదు.

గుర్తుగా పెట్టే మాట ఆ మనిషిని తక్కువ చేసేదిగా ఉండకూడదు. 'అసలు రొనాల్డో', 'ఇంకో టామ్ హాలండ్' లాంటివి వద్దు. ఎవరికి వాళ్లు అసలే. పేరు కావాలని పెట్టినదైతే ఆ సంగతి చెప్పండి, కన్ఫ్యూజన్ తగ్గుతుంది, కథ కూడా బాగుంటుంది. కేరళ క్రికెటర్ మహమ్మద్ అజహరుద్దీన్‌కి ఆ పేరు భారత మాజీ కెప్టెన్‌ని చూసి పెట్టినదే. ఆయన 2021 జనవరిలో ముంబై మీద 54 బంతుల్లో 137 కొట్టిన రోజు, హెడ్డింగ్ చూసి ఉలిక్కిపడ్డవాళ్లు తక్కువేమీ ఉండరు.

10. మీ పేరే ఇంకో ప్రముఖుడిదైతే

ఇది మీరు రచయితో, కళాకారులో, పరిశోధకులో అయితేనే. మిగతావాళ్లు దాటేయండి.

హాలీవుడ్ నటుల సంఘంలో ఒకే పేరుతో ఇద్దరు నమోదు కాకూడదన్న పద్ధతి వల్ల చాలా పేర్లు మారాయి. మైకేల్ కీటన్ అసలు పేరు మైకేల్ డగ్లస్. ఎమ్మా స్టోన్ అసలు పేరు ఎమిలీ, ఆ పేరు అప్పటికే ఇంకొకరికి ఉంది. మైకేల్ జె. ఫాక్స్ మధ్య పేరు ఆండ్రూ. 'జె' అనేది మైకేల్ జె. పొలార్డ్ అనే నటుడి మీద అభిమానంతో తగిలించుకున్నది. (మూడో అడుగులో మధ్య అక్షరాన్ని వదలొద్దన్నాను. అది నిజం పేరులోదే అని మాత్రం అనుకోవద్దు.) డేవిడ్ జోన్స్ అనే గాయకుడు, ఇంకో గాయకుడు డేవీ జోన్స్‌తో కలిసిపోకూడదని డేవిడ్ బౌవీ అయ్యాడు.

మొదటి పుస్తకానికో మొదటి పేపర్‌కో ముందే తేల్చుకోండి. ఇంటిపేరు పూర్తిగా రాయడమా, ఇనీషియల్ చేర్చడమా ఒకటి ఎంచుకుని దాన్ని మార్చకండి. మధ్యలో మారిస్తే మీరు ఒక్కరే ఇద్దరైపోతారు. పరిశోధకులైతే ఓర్కిడ్ తీసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు, డబ్బు కట్టక్కర్లేదు.

తప్పు దొరికాక

ఒక అతుకు తప్పని తేలితే ఆ ఒక్క వాక్యాన్ని దిద్ది లేచిపోకండి. ఒకసారి తలుపు తెరుచుకుంటే ఆ రెండోమనిషి ఒక్క వాక్యంతో ఆగి ఉండడు. మొత్తం మళ్లీ చదవండి: తేదీలు, పురస్కారాలు, రచనల జాబితా, లింకులు. ఎక్కడెక్కడ అది కాపీ అయిందో అక్కడా దిద్దించండి. దిద్దినట్టు ఒక లైను రాయండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

నా జాన్ ఆడమ్స్ పరిచయంలో అలాస్కా వాక్యం తీసేశాను. పుట్టిన సంవత్సరం సరిచూశాను, 1947, కరెక్టే. ఒపేరా కరెక్టే. పులిట్జర్ 2003, కరెక్టే. హమ్మయ్య అనుకుని పైకి జరిపితే ఫోటో కనిపించింది. కింద వివరం చదివాను. అది లూథర్ ఆడమ్స్‌ది.